రిపోర్టు తేలేదాకా తోడెవరు?

క్యాన్సర్ అంటే మందులేని రోగమని మన పల్లెల్లో ఇంకా అనుకుంటున్నారు. పెద్దోళ్ళు రాచపుండు అనేవాళ్ళు. ఆ పేరు చెప్పగానే గొంతు తగ్గించేవాళ్ళు. కానీ రొమ్ము క్యాన్సర్ సంగతి అలా లేదు. మొదట్లో పట్టుకుంటే నయమవుతుంది. ఆపరేషన్ ఉంది, మందులున్నాయి, కరెంటు పెట్టే మిషన్లున్నాయి. సర్కారు పథకం కూడా ఉంది. మరి మన ఆడమనుషులు ఎందుకు చచ్చిపోతున్నారు? ఎక్కడ చచ్చిపోతున్నారు?

మేము చెప్తున్నాం, వినండి. రెండు కాగితాల మధ్య చచ్చిపోతున్నారు.

మొదటి కాగితం మీద 'అనుమానం' అని ఉంటుంది. రెండో కాగితం మీద 'ఇదీ రోగం' అని తేలుతుంది. ఈ రెండింటి మధ్య రెండు మూడు వారాలు ఉంటే చాలు. మన వాడల్లో ఆర్నెల్లు ఉంటోంది, ఒక్కోసారి ఏడాది ఉంటోంది. ఈలోగా మిరపకోతలు అయిపోతాయి, పత్తితీతలు అయిపోతాయి, కూతురి కాన్పు అయిపోతుంది, క్రిస్మస్ వచ్చిపోతుంది. గడ్డ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. కందిగింజంత ఉన్నది నిమ్మకాయంత అవుతుంది. చంకలోకి దిగుతుంది. అప్పుడు అందరూ కలిసి ఆటో మాట్లాడతారు.

ఈ రాత ఆ రెండు కాగితాల మధ్య కాలం గురించి. ఆ కాలంలో ఆమె పక్కన ఎవరుండాలి అన్నదాని గురించి. అందుకని ముఖ్యంగా మగోళ్ళ గురించి. చదువొచ్చినోళ్ళు రానోళ్ళకు చదివి వినిపించండి. ఆడోళ్ళు కూర్చున్నప్పుడే చదవండి.

లెక్కలు ఏం చెప్తున్నాయి?

2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది ఆడవాళ్ళకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అదే ఏడాది సుమారు 98,000 మంది దాంతో చనిపోయారు. ఇది అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ వేసిన అంచనా. రెండు కొత్త కేసులకు ఒక చావు అన్నమాట. మన దేశపు ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది.

ఇంకో లెక్క చూడండి. 30 ఏళ్ళు దాటిన ప్రతి ఆడమనిషికీ అయిదేళ్ళకోసారి రొమ్ము పరీక్ష చేయాలని 2016లో కేంద్రం నియమాలు రాసింది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగారు, మీకు ఎప్పుడైనా రొమ్ము పరీక్ష జరిగిందా అని. అవునన్న వాళ్ళు 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా లేరు! ఓట్లప్పుడు గడపగడపకీ తిరిగే సర్కారు, పరీక్షకు మాత్రం నూరు గడపల్లో ఒక్క గడప కూడా తొక్కలేదు.

అంటే మన ఆడమనిషి గడ్డను ఎవరు పట్టుకుంటున్నారు? ఆమే పట్టుకుంటోంది. నీళ్ళు పోసుకునేటప్పుడు చేతికి తగిలితే పట్టుకుంటోంది. పట్టుకుని ఎవరికీ చెప్పడం లేదు. ఎందుకు చెప్పడం లేదు? ఆ జవాబు మన ఇళ్ళల్లో ఉంది.

'తేలలేదు' అంటే ఏంటి?

ముందు ఒక మాట. రొమ్ములో దొరికే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. కొవ్వు గడ్డలుంటాయి, నీటి తిత్తులుంటాయి, వయసులో ఉన్న పిల్లలకు వచ్చే మామూలు గడ్డలుంటాయి. కాబట్టి గడ్డ దొరికిందని గుండెలు బాదుకోనక్కర్లేదు. కానీ అది ఏ గడ్డో చేత్తో నొక్కి ఆర్‌ఎంపీ డాక్టరు చెప్పలేడు, అత్తగారు చెప్పలేదు, పాస్టరు గారు చెప్పలేరు. పరీక్షే చెప్పాలి.

పరీక్ష మూడు మెట్లు. ఒకటి, డాక్టరు చేత్తో చూడటం. రెండు, బొమ్మ తీయడం. అంటే మామోగ్రామ్, స్కానింగ్. చిన్న వయసు వాళ్ళకు రొమ్ము గట్టిగా ఉంటుంది కాబట్టి మామోగ్రామ్‌లో సరిగ్గా కనపడకపోవచ్చు, అందుకని స్కానింగ్ చేస్తారు. మూడు, సూది పరీక్ష గానీ ముక్క పరీక్ష గానీ. ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. ఒకటి ఒకమాట, ఇంకోటి ఇంకోమాట చెప్తే మళ్ళీ చేయాలి. మళ్ళీ చేయాలన్నారంటే డాక్టరు మనల్ని దోచుకుంటున్నాడని ప్రతిసారీ అనుకోకూడదు. ఎందుకు చేయాలో మాత్రం అడగాలి. అడిగే హక్కు మనకుంది.

బొమ్మ రిపోర్టు చివర్లో బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 0 అంటే ఈ బొమ్మ చాలలేదు, ఇంకో బొమ్మ కావాలని. సున్నా అని ఉంది కాబట్టి ఏమీ లేదనుకోకండి. 1, 2 అంటే భయం లేదు. 3 అంటే దాదాపు మామూలు గడ్డే, క్యాన్సర్ అయ్యేది నూటికి రెండు కంటే తక్కువ, అయినా ఆరు నెలలకు మళ్ళీ చూపించాలి. 4 అంటే అనుమానం ఉంది, ముక్క తీయాలి. 4 వచ్చినవాళ్ళలో చాలామందికి క్యాన్సర్ ఉండదు, కొందరికి ఉంటుంది. 5 అంటే గట్టి అనుమానం. 6 అంటే ముందే తేలిన కేసు.

సూది పరీక్షలో సన్న సూదితో కొన్ని కణాలు లాగుతారు. కణాలు చాలకపోతే 'చాలలేదు' అని రాస్తారు. 'చాలలేదు' వేరు, 'లేదు' వేరు. ఈ రెండు మాటల తేడా తెలియక ఎంతమంది ఇంటికొచ్చేశారో! ముక్క పరీక్షలో లావు సూదితో సన్నటి ముక్కలు తీస్తారు. అందులో రోగం ఉందో లేదో తెలియడమే కాదు, ఏ రకమో, ఏ మందుకు లొంగుతుందో కూడా తెలుస్తుంది. ఆ ముక్కకే ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడు పరీక్షలు చేస్తారు. ఈఆర్ గానీ పీఆర్ గానీ ఉందంటే హార్మోను మాత్రలు పనిచేస్తాయి. హెర్2 దగ్గర 0, 1+ అని వస్తే లేదని లెక్క. 3+ వస్తే ఉందని లెక్క. 2+ వస్తే? ఉందో లేదో తెలియదని లెక్క. దానికి ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయాలి.

మేము ఒక పట్నం ఆసుపత్రిలో చూశాం. ఒకాయన భార్య రిపోర్టు పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. ముఖం కాస్త తేటగానే ఉంది. ఏమన్నారు అన్నా అంటే, "రెండు ప్లస్సంట, ప్లస్ అంటే మంచిదే గదా" అన్నాడు. పాపం, ప్లస్ అంటే మార్కులనుకున్నాడు. ఇంకో పరీక్ష ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా అర్థం కాదనుకున్నారు. పురుగు మందు డబ్బా మీద బొమ్మ చూసి ఎకరాకి ఎంత కొట్టాలో చెప్పగలిగిన మనిషికి, విడమర్చి చెప్తే ఇది అర్థం కాదా? చెప్పేవాడికి ఓపిక లేదు. ఆ మనిషి చొక్కా చూసి, మాట యాస విని, ఇతనికి ఇది చాల్లే అనుకున్నారు. దీన్ని మేము ఆసుపత్రిలో అంటరానితనం అంటున్నాం. ముట్టుకుని వైద్యం చేస్తారు, మాట మాత్రం ముట్టనివ్వరు.

మగోళ్ళ సాకులు

ఉందంటే ఏడుస్తాం. లేదంటే నవ్వుతాం. ఉందో లేదో తెలియదంటే ఏం చేయాలి? ఇక్కడే మగోడు జారుకుంటున్నాడు. జారుకోడానికి సాకులు చెప్తున్నాడు. ఒక్కొక్కటే చూద్దాం.

"నొప్పి లేదుగా, ఏం కాదులే." మొదట్లో ఈ గడ్డ చాలామందికి నొప్పి పుట్టదు. నొప్పి లేని గడ్డనే ముందు చూపించాలి. అసలు 'ఏం కాదులే' అనే మాట ఎందుకంటున్నాం? ఆమె భయం తీర్చడానికా, ఆమె నోరు మూయించడానికా? ఆమె రాత్రి నిద్రపట్టక లేచి కూర్చుంటే 'ఏం కాదులే పడుకో' అని మనం అటు తిరిగి పడుకుంటాం. దానికంటే 'నాక్కూడా భయంగానే ఉంది, రేపు పోయి చూపిద్దాం' అన్న మాట వెయ్యి రెట్లు నయం.

"మగ డాక్టరు చూస్తాడంట." దొర పొలంలో మోకాళ్ళ పైకి చీర ఎగ్గట్టి నాట్లు వేస్తుంటే గట్టు మీద గొడుగేసుకుని నిలబడి చూసినప్పుడు ఈ పౌరుషం ఎటుపోయింది? రోగం చూసే డాక్టరు దగ్గర సిగ్గు లేదు. ఆడ డాక్టరు కావాలంటే అడగండి, ఆడ నర్సు పక్కన ఉండాలని అడగండి. అది ఆమె హక్కు. కానీ పరీక్ష ఎగ్గొట్టడానికి మగోడి పరువు అడ్డం పెట్టకండి. ప్రాణం ఆమెది, పరువు నీదా?

"సూది గుచ్చితే పాకుద్దంట." ఈ మాట ఊరూరా తిరుగుతోంది. సూది వల్ల రోగం ముదురుతుందనేది భయం పుట్టించిన మాట. ముక్క తీసి పరీక్ష చేయకుండా ప్రపంచంలో ఏ మంచి డాక్టరూ క్యాన్సర్ మందు మొదలుపెట్టడు. రోగం పాకేది సూది గుచ్చినందుకు కాదు, గుచ్చకుండా ఆర్నెల్లు కూర్చున్నందుకు.

"పసరు కట్టు కడతారంట. ప్రార్థన చేస్తారంట." దేవుడి మీద నమ్మకం ఉన్నోళ్ళను మేము తప్పు పట్టడం లేదు. ప్రార్థన చేయండి. చేసి బస్సెక్కండి. స్వస్థత కూటానికి పోయే తీరిక ఉన్న మొగుడికి ముక్క పరీక్షకు పోయే తీరిక ఉండాలి. పసరు మాత్రం వద్దు. పసరు కట్టి పుండు చేసుకుని వచ్చినవాళ్ళకు ఆపరేషన్ కష్టమవుతుంది.

"రొమ్ము తీసేస్తే ఇంకేముంది?" ఇది అన్నిటికంటే నీచమైన మాట. నీ పిల్లలకు పాలిచ్చిన రొమ్ము అది. నీ కండ కరిగి కాలు పోతే ఆమె నిన్ను వదిలేస్తుందా? పైగా ప్రతి గడ్డకూ రొమ్మంతా తీయాలనే రూలు లేదు. గడ్డ మొదట్లో ఉంటే గడ్డ మేరకు తీసి, తర్వాత కరెంటు పెడితే, మొత్తం తీసినవాళ్ళతో సమానంగా బతుకుతారని అమెరికాలోనూ ఇటలీలోనూ 20 ఏళ్ళు చూసి 2002లో తేల్చారు. మా ఆమెకు రొమ్ము ఉంచి ఆపరేషన్ కుదురుతుందా అని అడగండి. కుదరకపోతే తీయించండి. తీయించుకున్న మనిషి నిండు మనిషే.

"పుట్టింటికి పంపిస్తా, బాగైనాక తెచ్చుకుంటా." ఎద్దు జబ్బు పడితే సంతకు తోలినట్టు! కొందరు పంపడమే కాదు, ఈలోగా ఇంకో సంబంధం చూసుకుంటున్నారు. ఇలాంటివాడు మన మీటింగుల్లో ముందు వరసలో కూర్చుంటే, జెండా పట్టుకుంటే, మేము ఒప్పుకోం. సంఘం ఒప్పుకోకూడదు.

సేవ ఎవరి కులవృత్తి?

అసలు సంగతికి వద్దాం. జబ్బు పడినవాళ్ళకు చాకిరీ చేయడం ఆడదాని పని అని మనలో నాటుకుపోయింది. మొగుడికి జబ్బు చేస్తే పెళ్ళాం ఆసుపత్రిలో మంచం కింద చాప పరుచుకుని నెలలు నెలలు పడుంటుంది. పెళ్ళానికి జబ్బు చేస్తే? తల్లి వస్తుంది, చెల్లెలు వస్తుంది, బడి మానిపించి పెద్ద కూతురిని పంపిస్తారు. మొగుడు సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడి 'ఎట్టా ఉంది?' అని అడిగి పోతాడు.

పుట్టుకను బట్టి పని అంటగట్టడాన్నే కదా మనం ఎదిరించింది? చచ్చిన గొడ్డును లాగడం నీ పని, చెప్పులు కుట్టడం నీ పని, డప్పు కొట్టడం నీ పని, కాబట్టి నోర్మూసుకుని చెయ్యి అన్నప్పుడు చెయ్యం అన్నాం. మరి ఇంట్లో ఆడదానికి సేవను కులవృత్తిగా ఎవరు రాసిచ్చారు? ఊళ్ళో మనువును తగలబెట్టి ఇంట్లో మనువుకు పీట వేస్తే ఎట్టా?

మనం ఫొటోకు దండ వేసే జోతిరావు ఫూలేకు 1888లో పక్షవాతం వచ్చింది. 1890లో చనిపోయేదాకా సావిత్రీబాయి ఆయన్ను కనిపెట్టుకుని ఉంది. 1897లో పూనాలో ప్లేగు వస్తే ఊరొదిలి పారిపోకుండా రోగుల మధ్య పనిచేసి, ఆ ప్లేగుతోనే మార్చి 10న ప్రాణం వదిలింది. రోగి దగ్గర కూర్చోవడం చిన్నపని అయితే ఆమె మహాతల్లి ఎట్టా అయింది? ఆమె చేసిన పని మనం చేస్తే మన మగతనానికి వచ్చిన లోటేంటి?

మందు మొదలయ్యాక

రోగం తేలిందనుకోండి. అక్కడితో మొగుడి పని అయిపోలేదు, అప్పుడే మొదలైంది.

కీమో అంటే రెండు మూడు వారాలకోసారి సెలైన్‌లో ఎక్కించే మందు. కొన్ని నెలలు పడుతుంది. మొదటిది ఎక్కించిన రెండు మూడు వారాలకు జుట్టు ఊడొచ్చు. తర్వాత మళ్ళీ వస్తుంది. వాంతులు, నోటిపూత, నీరసం ఉంటాయి. వీటికి మాత్రలున్నాయి, ఓర్చుకో అనకుండా డాక్టరుకు చెప్పండి. ఒక్కటి మాత్రం గుండె మీద రాసుకోండి: కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఇంట్లో ఉంచకూడదు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఒంట్లో రోగాన్ని ఎదిరించే తెల్లకణాలు తగ్గిపోయి ఉంటాయి, తెల్లారేదాకా ఆగితే ప్రాణం మీదకొస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించి పడుకోబెట్టకండి. ఇంట్లో ఒక ధర్మామీటరు కొని పెట్టండి.

చంకలో గడ్డలు తీసినవాళ్ళకు ఆ వైపు చెయ్యి వాచొచ్చు. ఆసుపత్రిలో నేర్పిన చేతి కసరత్తులు రోజూ చేయించండి. ఆ చేతికి కొడవలి గాట్లు, ముళ్ళు, కాలిన గాయాలు తగలకుండా చూడాలి. అంటే మిరపకోతలు, కలుపులు, పొయ్యి దగ్గర పని కొన్నాళ్ళు మనం చూసుకోవాలి. నీళ్ళ బిందె మనం మోయాలి. పంపు దగ్గర నలుగురూ నవ్వుతారా? నవ్వనీండి.

హార్మోను మాత్రలు అయిదేళ్ళు, కొందరికి పదేళ్ళు రోజూ వేసుకోవాలి. బాగైపోయింది గదా అని మధ్యలో మానేసేవాళ్ళు ఎక్కువ. మాత్ర అయిపోకముందే తెచ్చిపెట్టడం నీ పని.

ఇక కాగితాలు. ప్రతి రిపోర్టూ ఒకే సంచిలో తేదీల వరసన పెట్టండి. గడ్డ తీసినా, ముక్క తీసినా, దాన్ని ల్యాబుకు పంపారా అని అడగండి. గడ్డ తీసి పారేశాం అంటే అది వైద్యం కాదు, మోసం. ల్యాబులో ఆ ముక్కను మైనం బిళ్ళలో దాస్తారు, గాజు పలకల మీద అతికిస్తారు. ఇంకో ఆసుపత్రిలో చూపించుకుంటామంటే వాటిని అడిగి తీసుకోవచ్చు. రిపోర్టు మీద అనుమానముంటే ఆ బిళ్ళలతోనే ఇంకోచోట తేల్చుకోవచ్చు.

సర్కారు సంగతి

మగోళ్ళను తిట్టి సర్కారును వదిలేస్తామనుకోకండి. కూలి పోతుందని భయపడే మొగుడిది సాకు కాదు, నిజం. రెండు రోజులు పట్నం పోతే ఇద్దరి కూలీ పోతుంది, బస్సు ఛార్జీ, తిండి ఖర్చు మీద పడుతుంది. దొర దగ్గర అప్పు తెస్తే మళ్ళీ ఏడాది పొలంలో చాకిరీ.

2007లో ఆరోగ్యశ్రీ పెట్టారు. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రలో 25 లక్షలకు పెంచామన్నారు. ఆంధ్రలో 2024లో ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మార్చారు. మంచిదే. ఆ కార్డు మీద ఎంతోమంది బతికారు, మేము కాదనం. కానీ ఆపరేషన్‌కు, కీమోకు అనుమతి రావాలంటే ముక్క పరీక్ష రిపోర్టు చేతిలో ఉండాలి. అంటే రోగం తేలినాక పథకం మనది. తేలేదాకా? ఆ తిరుగుడు, ఆ స్కానింగులు, ఆ రెండోసారి సూది, ఆ ఫిష్ పరీక్ష దగ్గరే మనోళ్ళు ఆగిపోతున్నారు. లక్షలు ఇస్తామంటున్న సర్కారు మొదటి మెట్టు దగ్గర చెయ్యి వదిలేస్తోంది.

చేయలేనిది కాదు ఇది. ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు 1998లో మొదలుపెట్టి 1,51,538 మంది ఆడవాళ్ళను 20 ఏళ్ళు గమనించారు. పెద్ద మిషన్లేమీ లేవు. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు సగం మందికి రెండేళ్ళకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. రోగం ముదరకముందే దొరికింది. 50 దాటిన వాళ్ళలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్ళలో చావుల్లో అంత తేడా కనపడలేదు. ఈ ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. అంటే మన ఏఎన్ఎంకు, ఆశా అక్కకు సరిగ్గా నేర్పి, జీతం సరిగ్గా ఇచ్చి, వాడలోకి పంపితే ప్రాణాలు నిలుస్తాయి. సబ్ సెంటరు ఊళ్ళో పెట్టి, వాడకు దారి తెలియనట్టు నటిస్తే నిలవవు.

అందుకని మేము అడుగుతున్నాం:

వాడల్లో ఇంటింటికీ వచ్చి 30 దాటిన ప్రతి ఆడమనిషికీ రొమ్ము పరీక్ష చేయాలి. రిజిస్టర్లో టిక్కు పెట్టి పోవడం కాదు.

అనుమానం వచ్చిన రోజు నుంచి తేలేదాకా అన్ని పరీక్షలూ, రెండోసారి చేసేవి కూడా, పైసా లేకుండా చేయాలి. ఎన్ని రోజుల్లో తేలుస్తారో గడువు పెట్టాలి.

రోగికీ తోడు వచ్చినవాళ్ళకూ కూలి నష్టం కట్టివ్వాలి.

రిపోర్టులో ఏముందో తెలుగులో రాసివ్వాలి. నోటితో విడమర్చి చెప్పాలి.

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోం. ఉన్నవాటిని గుంజుకుందాం. హైదరాబాదులో రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి సర్కారుది. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి ఉంది. పథకం ఉన్న ప్రతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒక మనిషి కూర్చుని ఉండాలి, ముందు అతన్ని పట్టుకోండి. వైద్యానికి పోయే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్ క్లాసులో ఛార్జీ లేదు, తోడు వెళ్ళేవాళ్ళకు 75 శాతం రాయితీ ఉంది. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చే ఫారం చూపించాలి. ఇవి ఎవరో వేసే భిక్షం కాదు, మన కష్టం మీద కట్టిన పన్నుల సొమ్ము.

సంఘం ఏం చేయాలి?

మనోడి మీద దెబ్బ పడితే ఊరూరా కదిలొస్తాం. రోడ్డు మీద కూర్చుంటాం, కలెక్టరాఫీసు ముట్టడిస్తాం. మంచిదే. కానీ ఇంట్లో మంచం మీద నెమ్మదిగా ఆరిపోయే ఆడమనిషి గురించి ఏ మీటింగులో తీర్మానం చేశాం? ఆమె చావుకు ఎఫ్‌ఐఆర్ లేదు కాబట్టి అది హత్య కాదా?

ప్రతి వాడ సంఘం ఇద్దరు చదువుకున్న పిల్లల్ని, ఒక ఆడపిల్ల తప్పకుండా ఉండేట్టు, ఆసుపత్రి పనికి పెట్టాలి. కాగితం చదవడం, వచ్చే తేదీ గుర్తుపెట్టుకోవడం, కూడా పోవడం వాళ్ళ పని. నెలకు ఇంటికి పదో ఇరవయ్యో చీటీ కట్టి బస్సు ఖర్చుకు పెట్టుకోవాలి. భార్యాభర్తలు పట్నం పోయిన రోజు వాళ్ళ పిల్లలకు, ముసలోళ్ళకు అన్నం పక్కింటి నుంచి రావాలి. గొడ్డూ గోదా చూసే మనిషి ఉండాలి. అప్పుడు కూలి పోతుందనే మొగుడు కూడా కదులుతాడు. కదలకపోతే, నలుగురూ పోయి గడపలో కూర్చుని అడగండి, ఎందుకు కదలవు అని.

భర్త పోయిన ఆడవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు కూడా మన వాడల్లో ఉన్నారు. వాళ్ళకు తోడు సంఘమే. ఆమె వెనక ఎవరూ లేరన్న మాట ఆసుపత్రి కౌంటరు దగ్గర వినపడకూడదు.

ఈ పక్షం రోజుల్లో ఒక్క పని చేయండి. మీ వాడలో ఇల్లిల్లూ అడగండి, ఎవరి ఇంట్లోనన్నా దూలం సందులోనో, ట్రంకు పెట్టెలోనో, మధ్యలో ఆగిపోయిన రిపోర్టు ఉందా అని. 'చాలలేదు' అని, 'అనుమానం' అని, 'ఆర్నెల్లకు రండి' అని రాసిన కాగితం ఉందా అని. ఉంటే బయటికి తీయండి. పొద్దున్నే మొదటి బస్సుకు ఆమెను తీసుకెళ్ళండి. మొగుడు పక్క సీట్లో కూర్చోవాలి.